బెథెస్డా సైనిక ఆసుపత్రికి చేరే దారి: లిఫ్టులు, అండర్‌పాస్, నాలుగు కూడళ్లపై ఒక సమీక్ష

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, బెథెస్డా పట్టణానికి కాస్త ఉత్తరంగా, రాక్‌విల్ పైక్ రహదారికి తూర్పున వాల్టర్ రీడ్ జాతీయ సైనిక వైద్యకేంద్రం, పడమర జాతీయ ఆరోగ్య సంస్థల ప్రాంగణం ఎదురెదురుగా ఉంటాయి. రెండోదాన్ని ఇక్కడివాళ్లంతా ఎన్‌ఐహెచ్ అంటారు, రోడ్డును పైక్ అంటారు. పైక్ పక్కన, భూమికి చాలా లోతున, వాషింగ్టన్ మెట్రో రెడ్ లైన్‌లోని మెడికల్ సెంటర్ స్టేషన్ 1984 నుంచి నడుస్తోంది. 2011లో సైనిక ఆసుపత్రి ఒక్కసారిగా విస్తరించినప్పుడు వచ్చిపడిన రద్దీని మోయడానికి ఈ చుట్టుపక్కల ఏర్పరచిన సదుపాయాలు, అంటే అండర్‌పాస్, మూడు లిఫ్టులు, విస్తరించిన నాలుగు కూడళ్లు, పార్కింగ్‌పై పెట్టిన హద్దు, రోజూ వాడుకునేవారికి ఎంతవరకు అక్కరకు వస్తున్నాయో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. ఆసుపత్రిలోని వైద్యం జోలికి నేను పోను. రాక్‌విల్, జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎన్‌ఐహెచ్ ప్రయోగశాలల్లో పనిచేసేవారు ఉన్నారు గనుక, ఈ రోడ్డు మనవాళ్లకు కూడా పరాయిది కాదు.

నా తీర్పు ముందే చెబుతాను. కట్టిన వాటిలో లిఫ్టులు, అండర్‌పాస్ చాలా మంచి పని. కూడళ్ల విస్తరణ పరవాలేదు. పార్కింగ్‌పై పెట్టిన హద్దు ఎవరూ పెద్దగా మెచ్చుకోని అసలైన మంచి నిర్ణయం. ఇవన్నీ వచ్చిన వరుస మాత్రం పూర్తిగా తలకిందులు. ఆసుపత్రికి చట్టం తేదీ పెట్టింది, దారికి ఎవరూ తేదీ పెట్టలేదు.

మొదట లిఫ్టుల సంగతి. పాత స్టేషన్‌లో నేల మీదికి వచ్చే ద్వారం పడమటి వైపు, అంటే ఎన్‌ఐహెచ్ వైపే ఉండేది. రైలు దిగినవారు 200 అడుగులకు పైగా పొడవున్న ఎస్కలేటర్ మీద పైకి వచ్చి, బస్సులు ఆగే చోటు దాటి, సౌత్ డ్రైవ్ మూల దగ్గర సిగ్నల్ కోసం నిలబడి, ఆరు లేన్ల పైక్‌ను నేల మీదే దాటితే తప్ప ఆసుపత్రి గేటు ముందుకు చేరేవారు కాదు. మామూలు ఉద్యోగికి అది విసుగు మాత్రమే. కానీ ఇది ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో కాళ్లు పోగొట్టుకున్న సైనికులు కృత్రిమ అవయవాలతో మళ్లీ నడక నేర్చుకున్న ఆసుపత్రి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి, చేతికర్రల మీద ఉన్న మనిషి, బిడ్డను ఎత్తుకుని అపాయింట్‌మెంట్‌కు వచ్చే సైనికుడి భార్య, వీళ్లంతా ఎడమ వైపుకు తిరిగే కార్ల మధ్య నుంచి, సిగ్నల్ అంకెలు తగ్గుతుండగా రోడ్డు దాటవలసి వచ్చేది. పైగా వారు దాటడానికి సిగ్నల్ ఎంత ఎక్కువ సేపు ఇస్తే పైక్ మీద కార్లు అంత వెనక్కి ఆగిపోతాయి. నడిచేవారి భద్రత, వాహనాల వేగం ఒకే సిగ్నల్‌లో ఒకదాన్నొకటి తినేసే పరిస్థితి అది.

ఇప్పుడు తూర్పు వైపున, ఆసుపత్రి కంచెకు బయట, గేటుకు దగ్గరలో మూడు లిఫ్టులు ఉన్నాయి. అవి నేరుగా స్టేషన్ లోపలి మధ్య అంతస్తుకు దిగుతాయి. వాటితోపాటు పైక్ అడుగున, అంత లోతు లేకుండా, నడిచేవారికీ సైకిళ్లకూ వేరే అండర్‌పాస్ ఉంది. లోతైన లిఫ్టులు రైలు దిగినవారికి, పైపైన ఉన్న అండర్‌పాస్ బస్సు దిగినవారికి అన్న ఈ విభజనలో మంచి ఆలోచన కనిపిస్తుంది, ఎందుకంటే బస్సులు ఇప్పటికీ పడమటి వైపే ఆగుతాయి. రైలు దిగి లిఫ్టు ఎక్కితే, పొడవాటి ఎస్కలేటర్ మీద నిలబడి రావడానికి పట్టే రెండు నిమిషాలకు పైగా సమయంలో చిన్న భాగమే సరిపోతుంది.

ఉదయం ఏడు దాటాక అక్కడ కాసేపు నిలబడి చూడండి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే బూట్లు, యూనిఫాం, వీపున సంచి, మెడలో గుర్తింపు కార్డు ఉన్న మనుషులు ఒక గుంపుగా బయటికి వచ్చి గేటు వైపు సాగుతారు. వెనక తీరిగ్గా చక్రాల కుర్చీ ఒకటి వస్తుంది. ఎవరూ తల తిప్పి రోడ్డు వైపు చూడరు. చూడవలసిన పని లేదు కాబట్టి. సదుపాయం బాగుందనడానికి ఇంతకంటే వేరే కొలత నాకు అక్కరలేదు. మూడు లిఫ్టులు పెట్టడం కూడా దుబారా కాదు. ఇంత లోతున్న స్టేషన్‌లో ఒకే లిఫ్టు ఉండి అది మరమ్మతుకు వెళ్తే, చక్రాల కుర్చీలో వచ్చిన రోగికి ఆ స్టేషన్ ఉన్నా లేనట్టే. మూడింటిలో ఒకటి ఆగినా మిగతా రెండు పని సాగిస్తాయి. ఆసుపత్రి స్టేషన్‌కు ఇది కనీస అవసరం.

ఇంత చక్కటి పని ఎందుకంత ఆలస్యమైందో తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. పాత వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి 1909 నుంచి వాషింగ్టన్ నగరంలోని జార్జియా అవెన్యూ మీద ఉండేది. సైనిక స్థావరాల మూసివేత, పునర్వ్యవస్థీకరణపై 2005లో జరిగిన నిర్ణయాల్లో భాగంగా దాన్ని మూసివేసి, అక్కడి పనిని బెథెస్డాలోని నౌకాదళ వైద్యకేంద్రానికీ (ఇప్పటి వాల్టర్ రీడ్ జాతీయ సైనిక వైద్యకేంద్రం అదే), వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వార్‌కూ మార్చాలన్నారు. గడువు 2011 సెప్టెంబరు 15. మధ్యలో 2007 ఫిబ్రవరిలో పాత ఆసుపత్రి ప్రాంగణంలోని 18వ నంబరు భవనంలో గాయపడిన సైనికులు ఎలాంటి గదుల్లో ఉంటున్నారో పత్రికలో రావడంతో దేశమంతా గగ్గోలు పుట్టి, కొత్త ఆసుపత్రి పని ఇంకా జోరందుకుంది. 2008లో వెలువడిన పర్యావరణ ప్రభావ నివేదిక ప్రకారం బెథెస్డా ప్రాంగణంలో ఉద్యోగులు సుమారు 8,000 నుంచి 10,500కు పెరుగుతారు; రోగులు, సందర్శకుల రాకపోకలు ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షలకు చేరతాయి. నిర్మాణం గడువుకు పూర్తయింది. 2011 ఆగస్టు చివరలో పాత ఆసుపత్రి తలుపులు మూసుకున్నాయి.

అసలు పేచీ డబ్బు దగ్గర వచ్చింది. కంచె లోపల కట్టేదానికి రక్షణ శాఖ బాధ్యురాలు. కంచె బయటి రోడ్డు రాష్ట్రానిది, కౌంటీది (అంటే మన జిల్లా లాంటి స్థానిక పాలనది). రక్షణ శాఖ బయటి రోడ్లకు డబ్బు ఇవ్వగల కార్యక్రమం ఒకటి చాలాకాలంగా ఉంది గానీ, సైనిక నిర్ణయం వల్ల ఆ రోడ్డు మీద వాహనాల సంఖ్య రెట్టింపు కావాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఎడారి అంచున ఉన్న రెండు లేన్ల రోడ్డుకు ఈ షరతు సరిపోతుంది. అప్పటికే ఉదయం, సాయంత్రం నిండిపోయి ఉన్న రాక్‌విల్ పైక్ మీద వాహనాలు రెట్టింపు ఎలా అవుతాయి? నిండుకుండలో మరో చెంబు పోస్తే అదంతా బయటికే పొర్లుతుంది. కుండలో నీళ్లు రెట్టింపు కాలేదు గనుక నష్టమేమీ లేదన్నట్టుంది ఈ లెక్క. రవాణా పరిశోధన మండలి 2011లో ఇచ్చిన ప్రత్యేక నివేదిక కూడా ఈ కార్యక్రమం మహానగర ప్రాంతాలకు పనికిరాదన్న నిర్ణయానికే వచ్చింది. కూడళ్ల పనితీరును ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలతో కొలిచే పద్ధతిలో, చివరి మెట్టు దగ్గరున్న కూడలికి పది శాతం వాహనాలు అదనంగా వచ్చినా ఆలస్యం పది శాతంతో ఆగదు. క్యూ పక్క సిగ్నల్ దాకా పాకి, ఆ సిగ్నల్‌ను కూడా పట్టేస్తుంది.

చివరికి అమెరికా కాంగ్రెస్ 2011 ఆర్థిక సంవత్సరపు చట్టంలో, విస్తరించిన సైనిక ఆసుపత్రుల చుట్టూ రవాణా పనుల కోసం దేశం మొత్తానికి 30 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో మెడికల్ సెంటర్ దాటుమార్గానికి, అంటే ఈ లిఫ్టులకూ అండర్‌పాస్‌కూ, ఇక్కడి మాంట్‌గోమరీ కౌంటీకి 4 కోట్ల డాలర్లు దక్కాయి. మొత్తం పనికి అయ్యే ఖర్చు అంతకంటే బాగా ఎక్కువ. నిధుల సర్దుబాటు, డిజైన్లు, మెట్రో సంస్థతో ఒప్పందాలు, నడుస్తున్న స్టేషన్‌ను ఆపకుండా దాని పక్కన నిలువు బావి తవ్వే ఏర్పాట్లు, ఇవన్నీ తెమిలి తవ్వకం మొదలయ్యేసరికి 2017 చివరి రోజులు వచ్చాయి. లిఫ్టులు జనానికి అందేసరికి 2020లలోకి వచ్చేశాం. ఆసుపత్రికి గడువు తప్పితే చట్టాన్ని తప్పినట్టు, దారికి గడువు తప్పితే అది మామూలే అన్నట్టు సాగిందీ కథ. ఆ మధ్య కాలంలో చికిత్స పూర్తి చేసుకుని ఇంటికి వెళ్లిపోయిన సైనికులకు ఈ లిఫ్టుల వల్ల ఒరిగిందేమీ లేదు. ఐదుకు నాలుగున్నర ఇవ్వదగ్గ సదుపాయానికి నేను అర మార్కు కాదు, ఒక మార్కు పూర్తిగా తగ్గించడానికి కారణం ఇదే.

కూడళ్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రాష్ట్ర రహదారుల శాఖ నాలుగింటిని ఎంచుకుంది: పైక్ మీద సెడార్ లేన్ దగ్గర ఒకటి, జోన్స్ బ్రిడ్జ్ రోడ్ దగ్గర ఒకటి, తూర్పున కనెక్టికట్ అవెన్యూ మీద జోన్స్ బ్రిడ్జ్ రోడ్ కలిసే చోట ఒకటి, పడమర ఓల్డ్ జార్జ్‌టౌన్ రోడ్ మీద వెస్ట్ సెడార్ లేన్ దగ్గర ఒకటి. మలుపులకు అదనపు లేన్లు, నేరుగా వెళ్లేవారికి మరికొంత వెడల్పు, సిగ్నళ్ల మార్పు, పక్కన నడిచేందుకు, సైకిళ్లకు బాట. ఆసుపత్రి తెరిచాక కూడా కొన్నేళ్లపాటు దశలవారీగా సాగిన ఈ పనుల వల్ల మలుపు తిరిగేవాళ్ల క్యూ నేరుగా వెళ్లే లేన్‌లోకి పొర్లడం తగ్గింది. అంతకు మించి ఆశించకూడదు. ఉత్తరాన వాషింగ్టన్ చుట్టూ తిరిగే వలయ రహదారి క్యాపిటల్ బెల్ట్‌వే నుంచి దిగే ప్రవాహం ఎంత ఉంటే ఈ కూడళ్లు అంతే చేయగలవు. మంచి విషయం ఏమిటంటే, సబర్బన్ ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సులకు కూడా ఓల్డ్ జార్జ్‌టౌన్ రోడ్డే దారి. ఆ ఆసుపత్రి, ఎన్‌ఐహెచ్ వైద్యకేంద్రం, సైనిక ఆసుపత్రి, మూడూ పెద్ద ప్రమాదాల వేళ కలిసి పనిచేసే ఒప్పందంలో ఉన్నాయి. ఆ కూడలి తెరిపిన పడటం మూడింటికీ అవసరమే.

ఇక పార్కింగ్. రాజధాని ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ స్థలాల ప్రణాళికను చూసే కమిషన్, మెట్రో స్టేషన్‌కు దగ్గరగా ఉన్న శివారు కార్యాలయాల్లో ముగ్గురు ఉద్యోగులకు ఒక్క పార్కింగ్ చోటు మాత్రమే ఉండాలన్న ప్రమాణం పెట్టింది. రోగులకు, సందర్శకులకు ఇచ్చేది ఈ లెక్కలోకి రాదు. ఉద్యోగులు దీన్ని తిట్టుకుంటారు, తెల్లవారుజామున డ్యూటీకి వచ్చే నర్సుకైతే ఆ కోపం న్యాయమైనదే, ఎందుకంటే ఆ వేళకు రైళ్లు ఆమెకు ఎల్లప్పుడూ కుదరవు. అయినా ఈ హద్దు లేకపోతే, పెరిగిన 2,500 మంది ఉద్యోగులకూ గ్యారేజీ కట్టి ఉంటే, నాలుగు కూడళ్లకు పెట్టిన ఖర్చంతా మొదటి ఏడాదే ఆవిరైపోయేది. కారు నిలిపే చోటు దొరుకుతుందని తెలిస్తే మనిషి కారులోనే వస్తాడు.

దీనికి జోడుగా ఉండవలసిన మరో మీట, ఉద్యోగులకు ప్రజారవాణా ఖర్చు చెల్లించే సదుపాయం. ఇక్కడ కాంగ్రెస్ చేసిన పని నాకు ఇప్పటికీ వింతగానే ఉంది. పన్ను లేకుండా నెలకు ఇవ్వదగ్గ రవాణా భత్యం 2011లో 230 డాలర్లు. కొత్త ఆసుపత్రి పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టిన కొద్ది నెలలకే, 2012 జనవరిలో, అది 125కు పడిపోయింది. 2013లో 245కు లేచి, 2014లో మళ్లీ 130కి దిగి, 2015 డిసెంబరులో గాని పార్కింగ్ భత్యంతో సమానంగా శాశ్వతం కాలేదు. ఒకపక్క కారు మానండని పార్కింగ్ తగ్గించి, మరోపక్క రైలు టికెట్టుకు ఇచ్చే డబ్బును ఏడాదికోసారి పైకీ కిందికీ ఊపడం ఏ లెక్కకు సరిపోతుంది? దూరం నుంచి రెడ్ లైన్‌లో రద్దీవేళల్లో వచ్చే ఉద్యోగికి నెల ఖర్చు ఆ 125 దాటిపోయేది.

న్యాయంగా చెప్పాలంటే, అదే 2005 నిర్ణయాల వల్ల పెరిగిన మిగతా చోట్లతో పోలిస్తే బెథెస్డా అదృష్టం బాగుంది. ఫోర్ట్ బెల్వార్ ఆసుపత్రి దగ్గర మెట్రో లేదు. అందుకని ఆ 30 కోట్లలో 18 కోట్ల డాలర్లు అక్కడి 1వ నంబరు రహదారి విస్తరణకే పోయాయి. అలెగ్జాండ్రియాలోని మార్క్ సెంటర్‌కు 6,400 మంది రక్షణ ఉద్యోగులను తరలించారు. అక్కడా మెట్రో లేదు, ఉన్నదల్లా 395 హైవే. బెథెస్డాలో స్టేషన్ ముందే ఉంది, కావలసింది రోడ్డుకు అటువైపు తలుపు ఒక్కటే. చేతికందే దూరంలో ఉన్న పరిష్కారానికి అంతకాలం పట్టడం అందుకే మరింత కష్టంగా అనిపిస్తుంది.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎరిగినవారికి ఇందులో కొంత పాత పరిచయం తగులుతుంది. తిరుమలగిరి సైనిక ఆసుపత్రి చుట్టూ ఉన్న ప్రాంతంలో సైనిక రోడ్లను పౌరులకు మూసివేయడం, తెరవడం మీద ఏళ్ల తరబడి నలిగిన వివాదం, 2018 మేలో రోడ్లు తెరవాలని రక్షణ శాఖ తీసుకున్న నిర్ణయం, 2024లో ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ భూములు ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకోవడం మనకు తెలిసినవే. అక్కడ తగాదా సైనిక భూమి లోపలి రోడ్డు మీద, ఇక్కడ కంచె బయటి రోడ్డు మీద. రెండుచోట్లా భద్రత చూసేవారు, రోడ్డు చూసేవారు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ఏళ్లు పట్టింది.

లోపాలు కూడా చెప్పాలి. లిఫ్టు మిమ్మల్ని గేటు ముందు దించుతుంది, వైద్యుడి గది ముందు కాదు. గేటు దగ్గర గుర్తింపు తనిఖీ ఉంటుంది, లోపల ప్రాంగణం చాలా పెద్దది, ఇరవై అంతస్తుల పాత శిఖర భవనం దూరం నుంచి దగ్గరగానే కనిపించి మోసం చేస్తుంది. నడవలేనివారు లోపలి షటిల్ సంగతి ముందే ఆసుపత్రిని అడిగి తెలుసుకోవాలి. బస్సులను తూర్పు వైపు కూడా ఆపే ఏర్పాటు చేసి ఉంటే అండర్‌పాస్ దాకా నడక కూడా తగ్గేది. దేశాధ్యక్షుడు వైద్య పరీక్షలకు వచ్చిన రోజు పైక్ మీద ఏ ప్రణాళికా పనిచేయదు. 2020 అక్టోబరులో అధ్యక్షుడు ట్రంప్ కోవిడ్‌తో ఇక్కడ చేరినప్పుడు జనం గేటు ముందు రోడ్డు పొడవునా గుమిగూడారు. అలాంటి రోజుల్లో రైలే దిక్కు.

2025లో కేంద్ర ఉద్యోగులను రోజూ కార్యాలయానికి రమ్మన్న ఆదేశం తర్వాత పైక్‌కు రెండు వైపులా ఒత్తిడి మళ్లీ పెరగడం సహజం. ఇప్పటికైతే అపాయింట్‌మెంట్ ఉన్నవారికి నా సలహా, షేడీ గ్రోవ్ వైపు నుంచి వస్తే అక్కడి స్టేషన్ గ్యారేజీలో కారు నిలిపి రైల్లో రండి, స్టేషన్‌లో పాత ఎస్కలేటర్ ఎక్కకుండా తూర్పు లిఫ్టుల బోర్డు వెతకండి. ఇంకో స్టేషన్ అవతల బెథెస్డాలో పర్పుల్ లైన్ అనే కొత్త రైలు మార్గం నిర్మాణం సాగుతోంది. న్యూ క్యారల్టన్ వరకు 21 స్టేషన్లతో అది మొదలైతే, సిల్వర్ స్ప్రింగ్, కాలేజ్ పార్క్ వైపు ఉండే ఉద్యోగులు బెల్ట్‌వే ఎక్కకుండా బెథెస్డాలో రైలు మారి ఒక్క స్టేషన్ దూరంలో ఇక్కడ దిగవచ్చు. కనెక్టికట్ అవెన్యూ కూడలికి లేన్లు కలపడం కంటే ఆ రైలు ఎక్కువ మేలు చేస్తుందని నా అంచనా. అదీ అనుకున్న తేదీ దాటి చాలా కాలమైంది.